ఇంట్లో యోగాకి ఒక చోటు: గది కావాలా, మూల సరిపోతుందా?

మడతమంచం అడిగింది:

అందరికీ నమస్తే. ఏడాదిగా నాది ఒకటే కథ. చాప కొన్నాను, నాలుగు రోజులు చేస్తాను, అయిదో రోజు ఏదో అడ్డం పడుతుంది, చాప అల్మారా పైకి పోతుంది, రెండు నెలల తర్వాత మళ్లీ దుమ్ము దులిపి దించుతాను. బద్ధకం అని నన్ను నేను తిట్టుకున్నాను గానీ ఈమధ్య కూర్చుని ఆలోచిస్తే అసలు విషయం వేరేలా అనిపించింది. నేను చేసేది హాల్లో. రోజూ టీపాయ్ జరపాలి, కుర్చీలు గోడకి నెట్టాలి, కింద పడున్న బొమ్మలు ఏరాలి, ఒకసారి ఊడవాలి, అప్పుడు చాప పరవాలి. ఇంతా అయ్యేసరికి ఎవరో ఒకరు లేచి టీవీ పెడతారు. మళ్లీ అన్నీ యథాస్థానంలో పెట్టడం ఇంకో పని.

అందుకని ఈసారి ఇంట్లో యోగాకంటూ ఒక చోటు పెట్టేసుకుందామని నిర్ణయించుకున్నాను. నా దగ్గర మూడు దారులున్నాయి. ఒకటి బాల్కనీ, పొడవు తొమ్మిదడుగులు, వెడల్పు నాలుగు. రెండోది పడకగదిలో మంచానికీ గోడకీ మధ్య ఉన్న సందు, పొడవు ఎనిమిది అడుగులు ఉంటుంది గానీ వెడల్పు మూడున్నరే. మూడోది సామాన్ల గది, అది ఖాళీ చేయగలిగితే గది మొత్తం నాదే, కానీ అందులో అట్టపెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. మా ఆయన "ముందు నెల రోజులు వదలకుండా చెయ్యి, అప్పుడు గది ఖాళీ చేద్దాం" అంటారు. చోటు లేకే కదా వదిలేస్తున్నది అని నేను. ఈ గొడవ తెగట్లేదు.

ఇంకా సందేహాలున్నాయి. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూస్తే నిలువెత్తు అద్దం, మొక్కలు, చెక్క నేల, దీపాలు, అదంతా చూసి టెన్షన్ వచ్చేసింది. అద్దం నిజంగా కావాలా? మాది టైల్స్ నేల, చాప జారుతుంది, మందం చాప తీసుకుంటే బాగుంటుందా? తూర్పు ముఖంగానే చేయాలా? నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, చేసేది సూర్య నమస్కారాలు, నిలబడి చేసే ఆసనాలు కొన్ని, చివర్లో ప్రాణాయామం, శవాసనం. తలకిందుల ఆసనాల జోలికి ఇంకా వెళ్లలేదు.

నిదానంగా ఇలా రాశారు:

ముందుగా ఒక టేపు తీసుకోండి. తర్వాత నేల మీద వెల్లకిలా పడుకుని చేతులు తల వెనక్కి పూర్తిగా చాపండి, వేలి కొసల దగ్గరా కాలి మడమల దగ్గరా ఎవరినైనా సుద్దముక్కతో గీత పెట్టమనండి. మీ ఎత్తుకి అది దాదాపు 7 అడుగులు వస్తుంది. చేతులు పక్కలకి బార చాపితే దాదాపు మీ ఎత్తంత, అంటే ఇంకో 5 అడుగుల 4 అంగుళాలు. ఈ రెండూ మీ అసలు కొలతలు. చాప కొలత చూసి చోటు లెక్కేసుకుంటే మోసపోతాం, ఎందుకంటే మామూలు చాప 68 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పే ఉంటుంది, మనిషి కదిలేది మాత్రం దానికి బయట కూడా.

ఇప్పుడు మీ సందు సంగతి. మూడున్నర అడుగుల వెడల్పు అనగానే చాలామంది కొట్టిపారేస్తారు, నేనైతే కొట్టిపారేయను. మీరు చేసేవాటిలో పక్కకి చోటు కావాల్సినవి ఎన్ని ఉన్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. సూర్య నమస్కారం మొత్తం చాప పొడవునే సాగుతుంది. వీరభద్రాసనంలో రెండో రకం (ఒక మోకాలు వంచి చేతులు బార చాపేది), త్రికోణాసనం (కాళ్లు ఎడంగా పెట్టి పక్కకి వంగేది), ఈ రెండూ కాళ్లు చాప పొడవునే చాపి చేస్తాం కాబట్టి చేతులూ అటే పోతాయి. నిజంగా పక్కకి బార కావాల్సింది వెల్లకిలా పడుకుని నడుము తిప్పేటప్పుడు. దానికి చేతులు మోచేతుల దగ్గర మడిచి పెట్టుకుంటే సరిపోతుంది, లేదా ఆ ఒక్కటీ ఇంకెక్కడైనా చేసుకోవచ్చు. నేను ఇంతకన్నా ఇరుకు చోట ఆరేళ్లు చేశాను. ఒకవైపు మంచం కోడు ఉండేది, దానికి పాత టవల్ చుట్టి కట్టాను, చిటికెన వేలు రెండుసార్లు తగిలాక.

బాల్కనీ గురించి ఒక మాట, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. వాననీళ్లు పోవడానికి బాల్కనీ నేలని వాలుగా వేస్తారు. నిలబడితే తెలియదు, వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడితే మాత్రం రోజూ ఒకవైపే తూలుతుంటాం, మన బ్యాలెన్స్ బాగాలేదేమో అనుకుంటాం. ఒక గోళీ పెట్టి చూడండి, దొర్లిపోతే అర్థమైపోతుంది. నాకు మూడు నెలలు పట్టింది ఈ సంగతి తెలియడానికి. అప్పటిదాకా నా ఎడమ కాలే బలహీనమని దానికి ప్రత్యేకంగా వ్యాయామాలు కూడా చేయించాను పాపం.

చాపమీదపిల్లి:

మీ ఆయన చెప్పిందాంట్లో సగం నిజం ఉందండీ, కోపం తెచ్చుకోకండి.

నేను గది మొత్తం సిద్ధం చేశాను. ఖాళీ చేయించి, రంగు వేయించి, మెత్తటి కార్పెట్ వేసి, మూడు రకాల లైట్లు, గోడకి అద్దం. సరిగ్గా పదకొండు రోజులు చేశాను. తర్వాత వానలు పడ్డాయి, బట్టలారేసే స్టాండు "ఈ ఒక్కరోజుకి" అని ఆ గదిలోకి వచ్చింది, ఇంకా వెళ్లలేదు. ఖాళీగా కనబడే గదిని ఏ ఇల్లూ వదిలిపెట్టదు. పైగా అది ఇంటికి చివర ఉంది, అటు వెళ్లాల్సిన పనే ఉండేది కాదు, కంటికి కనబడనిది మనసుకీ గుర్తుండదు కదా. ఇప్పుడు పడకగదిలో కిటికీ పక్కన చేస్తున్నాను. లేచి కాళ్లు కింద పెడితే చాప మీదే పడతాయి, రాత్రే పరిచి పడుకుంటాను. నిద్రమత్తులో తప్పించుకునే దారి లేదు.

కార్పెట్ మాత్రం వద్దు. దాని మీద చాప వేస్తే ముడతలు పడుతుంది, అరచేతులు లోపలికి కూరుకుపోతాయి.

గోడకుర్చీ:

నేర్పించడం నా పని, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మీ ప్రశ్నలో "టైల్స్ మీద చాప జారుతుంది, మందం చాప తీసుకోనా" అన్నారు. ఆ రెండిటికీ సంబంధం లేదు. జారడానికి మామూలుగా రెండు కారణాలుంటాయి, చాప అడుగున దుమ్ము, లేదా చాప పైన చెమట, ఒంటికి రాసుకున్న లోషన్. ముందు తడిగుడ్డతో నేలా చాప అడుగూ తుడిచి, పూర్తిగా ఆరాక చూడండి, చాలాసార్లు సమస్య అక్కడితో పోతుంది. ఇక మందం. 10, 12 మిల్లీమీటర్ల స్పాంజి చాపలు చేత్తో నొక్కి చూడటానికి హాయిగా ఉంటాయి. వాటి మీద ఒంటికాలితో నిలబడితే చీలమండ అటూ ఇటూ ఊగుతుంది. అధోముఖ శ్వానాసనంలో, అంటే చేతులూ పాదాలూ నేలకి ఆనించి నడుము పైకెత్తినప్పుడు, అరచేతి మడమ కిందికి దిగబడి మణికట్టు ఇంకా ఎక్కువ వంగుతుంది, "యోగా చేస్తే మణికట్లు నొప్పులండీ" అని నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరి చాప మార్పిస్తే చాలు. 4 నుంచి 6 మిల్లీమీటర్లు సరిపోతుంది. మోకాలు నేలకి ఆనినప్పుడు నొప్పిగా ఉంటే ఆ మోకాలి కింద మాత్రం దుప్పటి మడత పెట్టుకోండి. ఒక్క మోకాలి కోసం ఒళ్లంతా స్పాంజి మీద నిలబెట్టడం ఎందుకు?

సహజ రబ్బరు చాప పట్టు బాగా ఇస్తుంది గానీ ఎండలో పెడితే పాడవుతుంది. లేటెక్స్ (రబ్బరు పాలు) పడనివాళ్లు దాని జోలికి పోకూడదు. మొదట్లో వాసన కూడా వస్తుంది, నీడలో గాలికి కొన్ని రోజులు వేలాడదీయాలి. పీవీసీ చాప ఎక్కువకాలం మన్నుతుంది. ఏ చాపైనా తడిగా ఉండగా చుట్టకండి.

నన్నడిగితే ఇంటి యోగా చోటులో అన్నిటికన్నా విలువైనది ఖాళీ గోడ. మూడడుగులు చాలు, దాని మీద ఫొటో ఫ్రేములు, మేకులు, స్విచ్ బోర్డు ఉండకూడదు. గోడకి మడమలు, పిరుదులు, భుజాలు ఆనించి నిలబడితే తాడాసనంలో (నిటారుగా నిలబడే ఆసనం) మనం ఎక్కడ వంకరపోతున్నామో ఏ అద్దమూ చెప్పనంత బాగా చెబుతుంది. త్రికోణాసనంలో వీపు ఆనించుకోవచ్చు, వృక్షాసనంలో ఒక వేలు తాకించుకోవచ్చు, అలసిపోయిన రోజు కాళ్లు గోడకి ఎత్తిపెట్టి పది నిమిషాలు పడుకుంటే ఆ రోజు సాధన అదే. యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగారు గోడనీ, కుర్చీనీ, బెల్టునీ, చెక్క ఇటుకల్నీ సాధనలోకి తెచ్చి పద్ధతిగా వాడారు. చేయలేనివాళ్లకి ఊతకర్రలని వాటిని చులకనగా చూస్తారు గానీ, శరీరానికి సరైన స్థితి ఎలా ఉంటుందో రుచి చూపించడానికి అవి పనికొస్తాయి. ఒకటే జాగ్రత్త, మూసిన తలుపుని గోడగా వాడకండి. అవతలి నుంచి ఎవరో తోస్తారు, ఖాయం.

అద్దం వద్దనే అంటాను, కనీసం మొదటి ఏడాది. నడుము తిప్పే ఆసనంలో అద్దం కోసం మెడ తిప్పుతారు, అది అసలు ఆసనాన్నే పాడుచేస్తుంది. అనుమానం ఉంటే వారానికోసారి ఫోన్‌లో పక్కనుంచి వీడియో తీసుకుని తర్వాత చూసుకోండి. వీడియో అన్నాను కదా, వీడియో పాఠం చూస్తూ చేసేవాళ్లకి కూడా ఇదే బాధ. తల కిందికి వంచి పాదాల వైపు చూడాల్సిన చోట మెడ ఎత్తి స్క్రీన్ వైపు చూస్తుంటారు. ముందు ఒకసారి కూర్చుని చూసేయండి, చేసేటప్పుడు మాట వింటే చాలు.

ఫ్యాను కూడా చూసుకోండి. మీ ఎత్తుకి ఇబ్బంది లేదు గానీ ఇంట్లో ఆరడుగుల మనిషి ఉండి పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటే చేతులు పైకెత్తినప్పుడు రెక్కలకి దగ్గరగా పోతాయి. శవాసనంలో ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, పలచటి దుప్పటి ఒకటి చాప పక్కనే ఉంచుకోండి. ట్యూబ్‌లైటు సరిగ్గా కళ్లమీద పడేలా పడుకుంటే శవాసనం కుదరదు, పక్కనుంచి వచ్చే పసుపు వెలుగు నయం, అదీ లేకపోతే మడతపెట్టిన మెత్తటి గుడ్డ కళ్లమీద వేసుకోండి.

మడతమంచం:

గోళీ పరీక్ష చేశాను! నిజంగానే దొర్లింది, గోడ వైపు నుంచి రెయిలింగ్ దాకా ఆగకుండా. బాల్కనీ కొట్టేశాను. పైగా ఎదురింటి కిటికీలు కూడా అటే, అది నాకు మొదటి నుంచీ కాస్త ఇబ్బందిగానే ఉంది గానీ ఒప్పుకోలేదు.

పిల్లి గారూ, బట్టల స్టాండు సంగతి చదివి మా ఆయన గెలిచినట్టు నవ్వారు, థాంక్సండీ చాలా. అయితే ఇంకో సమస్య, మా అబ్బాయికి నాలుగేళ్లు. నేను నాలుగు కాళ్ల భంగిమలో ఉంటే గుర్రం అనుకుని వీపెక్కుతాడు. పడకగది అయితే వాడు పక్కనే నిద్రపోతుంటాడు. తలుపు మూసుకునే గది కావాలనిపించేది ఇందుకే. బ్లాకులు (ఊతానికి పెట్టుకునే ఇటుకలు), బెల్టు, బోల్‌స్టర్ (గట్టి పొడవాటి దిండు) కూడా కొనాలా? ఒక వెబ్‌సైట్‌లో సెట్టు మొత్తం చూశాను, కార్ట్‌లో వేసేశాను కూడా, కొనే బటన్ ఇంకా నొక్కలేదు.

అరవైనాలుగు:

నొక్కకమ్మా, ఆగు.

నా వయసు నా పేరులోనే ఉంది. రెండు మోకాళ్లూ అరిగాయి. యాభై ఎనిమిదిలో మొదలుపెట్టాను కాబట్టి నేనూ ఒకప్పుడు అన్నీ కొన్నవాణ్ణే. ఇప్పుడు వాడేవి చెబుతాను. బ్లాకు బదులు ఒకే కొలత ఉన్న లావుపాటి పాత పుస్తకాలు మూడు కలిపి గట్టిగా తాడుతో కట్టాను. కొనే బ్లాకు 9 అంగుళాలు, 6 అంగుళాలు, 4 అంగుళాలు ఉంటుంది, ఆ కొలతకి దగ్గరగా వచ్చేలా చూసుకున్నాను. బెల్టు బదులు పొడవాటి నూలు గుడ్డ. బోల్‌స్టర్ బదులు రెండు దుప్పట్లు గట్టిగా చుట్టి రెండు చివరలా కట్టాను, మామూలు దిండు పనికిరాదు, బరువు పడగానే అణిగిపోతుంది. ఆరు నెలలు వాడాక దేనికి లోటు కనిపిస్తే అది కొనుక్కో.

కొనాల్సిందల్లా మంచి కుర్చీ ఒకటి. చేతులు లేనిది, నాలుగు కాళ్లూ నేలకి సమంగా ఆనేది, చక్రాలు లేనిది. ప్లాస్టిక్ కుర్చీ మీద ఒక పక్కకి బరువు వేస్తే కాళ్లు విచ్చుకుంటాయి, నేను అలాగే ఒకసారి కింద కూర్చున్నాను, ఊరికే కాదు, మూడు వారాలు. కుర్చీ కాళ్లు చాప మీద ఉండాలి, వెనక గోడకి ఆనాలి. నా వయసువాళ్లకి నేల మీద నుంచి లేవడమే ఒక ఆసనం, కాబట్టి చాప పక్కన చేత్తో పట్టుకోడానికి ఏదో ఒకటి ఉంటే ధైర్యంగా కూర్చుంటాం. చాప అంచులు పైకి లేచి ఉంటే మాత్రం వెంటనే మార్చాలి, కాలు తగిలి పడేది అక్కడే.

ఇంకోటి, ఇది నీకు కాకపోయినా చదివేవాళ్లకి. ఖాళీ గోడ దొరికింది కదా అని కాళ్లు పైకి, తల కిందికి పెట్టేయకండి. నాకు గ్లాకోమా అనే కంటి జబ్బు ఉంది, తల గుండె కన్నా కిందికి పోతే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, కళ్ల డాక్టరు శీర్షాసనం అస్సలు వద్దన్నారు, వంగే ఆసనాలు కూడా మార్చి చేయమన్నారు. బీపీ ఉన్నవాళ్లూ అంతే, అడిగి చేయాలి.

పిల్లాడి సంగతి నవ్వొచ్చింది. వాడికీ ఒక చిన్న చాప పక్కన పరువు. నాలుగు రోజులు గుర్రం ఎక్కుతాడు, ఆ తర్వాత వాడి చాప మీద వాడు కప్పలా గెంతుకుంటాడు.

పాతచీటీ:

తూర్పు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను దూరుతున్నాను.

యోగా చోటు ఎలా ఉండాలో పాతవాళ్లు రాసిపెట్టారు. 15వ శతాబ్దపు యోగా గ్రంథం హఠయోగ ప్రదీపికలో, దాన్ని రాసిన స్వాత్మారాముడు మొదటి ఉపదేశంలోనే (అధ్యాయంలోనే) గది గురించి రెండు శ్లోకాలు కేటాయించాడు. ఏకాంతంగా ఉండాలి, ధనుస్సు పొడవు మేర రాయీ, నిప్పూ, నీళ్లూ ఉండకూడదు, వాకిలి చిన్నది, నేలలో గుంటలూ పగుళ్లూ ఉండకూడదు, మరీ ఎత్తూ మరీ పల్లం కాకూడదు, అలికి శుభ్రంగా ఉండాలి, పురుగూ పుట్రా ఉండకూడదు. ధనుస్సు అంటే నాలుగు మూరలు, సుమారు ఆరడుగులు. పైన నిదానంగా గారు టేపుతో తేల్చిన కొలతకి ఎంత దగ్గరో చూడండి. రాయి వద్దనడం పడితే తగులుతుందని అనుకుంటాను నేను, మన కాలంలో దాని అర్థం టీపాయ్ మూల.

భగవద్గీత ఆరో అధ్యాయం 11వ శ్లోకంలోనూ ఇదే మాట, శుభ్రమైన చోటు, కదలని ఆసనం, మరీ ఎత్తు కాదు, మరీ పల్లం కాదు, దర్భలూ చర్మమూ వస్త్రమూ పొరలుగా పరిచి. అక్కడ ఆసనం అంటే కూర్చునే పీట లాంటిదే, భంగిమ కాదు. అది ధ్యానానికి కూర్చునే చోటు గురించి. ఈ రెండు చోట్లా తూర్పుకే తిరగాలి అన్న షరతు లేదు. సూర్య నమస్కారాలు సూర్యుడికి ఎదురుగా చేయడం ఆనవాయితీ, కుదిరితే బాగుంటుంది, కానీ పొద్దున ఎండ సూటిగా కళ్లలో కొట్టే కిటికీ అయితే కాస్త పక్కకి తిరగండి, సూర్యుణ్ణి కళ్లు విప్పి చూడాల్సిన పని లేదు.

హఠయోగ ప్రదీపిక శ్లోకంలో గదికి కన్నాలూ సందులూ ఉండకూడదని కూడా ఉంది, చాలామంది దాన్ని కిటికీలు వద్దనే చెప్పుకుంటారు.

గోడకుర్చీ:

ఆ ఒక్కటీ నేను ఒప్పుకోనండీ పాతచీటీ గారూ. ఆనాటి కుటీరం వేరు, మన కాంక్రీటు గది వేరు. మూసిన గదిలో నలభై నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చి వదిలితే గాలి బరువెక్కినట్టు మనకే తెలుస్తుంది, తల కూడా పట్టేస్తుంది. కిటికీ కొంచెమైనా తెరిచి ఉంచండి. అదే లెక్కన ప్రాణాయామం చేసే చోట అగరుబత్తీ, సువాసన కొవ్వొత్తి వెలిగించొద్దు. లోతుగా పీల్చడమే పనిగా పెట్టుకున్న సమయంలో పొగ పీల్చడం ఏమిటి? ఉబ్బసం ఉన్నవాళ్లకైతే అది మరీ చేటు. వాసన కావాలనుకుంటే అరగంట ముందు వెలిగించి, ఆర్పి, కిటికీ తీసి, అప్పుడు మొదలుపెట్టండి.

పాతచీటీ:

కిటికీ విషయంలో నేనూ స్వాత్మారాముడి మాట వినట్లేదు లెండి, ఉన్నది ఉన్నట్టు చెప్పానంతే. అగరుబత్తీ మానేయడం మాత్రం కష్టం, పదేళ్లుగా ఆ వాసన తగిలితేనే నా ఒళ్లు చాప మీదికి కదులుతుంది. మీరన్నట్టు ముందు వెలిగించి ఆర్పేసి చూస్తాను.

నిదానంగా:

మడతమంచం గారూ, మీ మూడో దారి ఇంకా తేలలేదు కదా. సామాన్ల గది పూర్తిగా ఖాళీ చేయాలనుకుంటే అది జరగదు, అది నాకు అనుభవం. అట్టపెట్టెలన్నీ ఒక గోడకే పేర్చి, 7 అడుగులకి 5 అడుగుల నేల, మూడడుగుల గోడ ఖాళీ చేస్తే చాలు, మిగతా గది ఎలా ఉంటే మీకేం. ముందు అట్టపెట్టెలకి పాత దుప్పటి ఒకటి తెరలా వేలాడదీయండి, అవి కనబడితే శవాసనంలో వాటిని ఎప్పుడు సర్దాలా అనే ఆలోచనే వస్తుంది. పైన పేర్చినవి మీద పడకుండా బరువైనవి కింద పెట్టుకోండి. ఆ చోటు చుట్టూ నేల మీద రంగు టేపు అంటించి "దీని లోపల ఏదీ పెట్టొద్దు" అని ఇంట్లో అందరికీ చెప్పండి. బట్టల స్టాండుకి కూడా.

లేదా పడకగది సందే ఎంచుకుంటే, చాప చుట్టకుండా వదిలేయండి, అది పరిచి ఉండటమే సగం పని. దుమ్ము పడుతుంది, రెండు రోజులకోసారి తుడిస్తే పోతుంది. రెండూ పది పది రోజులు చేసి చూడండి. ఎక్కడ ఎన్ని రోజులు చాప ఎక్కారో క్యాలెండరు మీద గీతలు పెట్టుకుంటే మీకూ మీ ఆయనకీ గొడవ తీరుతుంది.

మడతమంచం, మూడు వారాల తర్వాత:

అందరికీ చెప్పాలని వచ్చాను. కార్ట్‌లో వేసిన సెట్టు తీసేశాను.

ముందు పడకగది సందులో పది రోజులు. చాప రాత్రే పరిచాను. పదిలో ఎనిమిది రోజులు చేశాను, ఇది నాకు రికార్డు. వెడల్పు నిజంగానే అడ్డం రాలేదు, నడుము తిప్పేటప్పుడు మోచేతులు మడిచాను. కానీ ప్రాణాయామానికి వచ్చేసరికి కపాలభాతి (ఊపిరి బలంగా బయటికి కొట్టేది) చప్పుడుకి అబ్బాయి లేచి కూర్చునేవాడు, లేచాక ఇక గుర్రమే. చిన్న చాప పరిచి చూశాను మాస్టారూ, వాడికి నా చాపే కావాలట.

తర్వాత సామాన్ల గది. ఒక ఆదివారం మా ఆయనే పెట్టెలు సర్దారు, విచిత్రం, గీతల క్యాలెండరు చూసి మెత్తబడ్డట్టున్నారు. ఏడడుగులు, అయిదడుగులు టేపు అంటించాం. తెర వేశాం. గోడ మూడడుగులు అనుకుంటే రెండున్నరే వచ్చింది, మధ్యలో స్విచ్ బోర్డు ఉంది, అయినా కాళ్లు ఆనించడానికి సరిపోతోంది. తీరా పది రోజుల్లో ఆరు రోజులే చేశాను. గది బాగుంది, తలుపు మూసుకోవచ్చు, కానీ అక్కడికి నడిచి వెళ్లే దారిలో వంటిల్లు ఉంది, అటు చూడగానే ఏదో పని గుర్తొచ్చి ఆగిపోతున్నాను.

అందుకని ఇప్పుడు రెండూ పెట్టుకున్నాను. లేవగానే ఆసనాలు సందులో, చప్పుడు లేకుండా. ప్రాణాయామం, కాళ్లు గోడకి ఎత్తడం సాయంత్రం ఆ గదిలో, తలుపు మూసి కిటికీ తీసి. ఇలా విడగొట్టి చేస్తే తప్పేం లేదు కదా గోడకుర్చీ గారూ? ఇంకోటి, కాళ్లు ఎత్తి పెట్టి పెట్టి గోడ మీద మడమల మరకలు పడ్డాయి, మేజోళ్లు వేసుకుంటే జారుతున్నాయి. దానికి ఏమైనా ఉపాయం ఉందా?

గోడకుర్చీ:

విడగొట్టి చేయొచ్చు, సాయంత్రం తిన్న వెంటనే మాత్రం వద్దు, మూడు నాలుగు గంటలు ఆగండి. మరకలకి, మడమలు ఆనే చోట గోడకి ఒక పాత చాప ముక్క అంటించండి. పట్టూ ఉంటుంది, గోడా బతుకుతుంది. అల్మారా పైన పాత చాప ఏదైనా ఉందేమో చూడండి.